మా యింటి యైదు క్యాలెండరులు

మా యింట జరిగిన సంగతి యొకటి ముందుగాఁ జెప్పి, పిమ్మట విషయములోనికి వచ్చెదను.

2023వ సంవత్సరము డిసెంబరు నెలలో నొకనాఁటి రాత్రి మేము భోజనములు ముగించి కూర్చుండియుండఁగా, అమెరికాలో న్యూజెర్సీయందున్న మా మఱఁది ఫోను చేసెను. "వదినగారూ, అంతా సక్రమంగా జరిగిందా? భోక్తలు వేళకు వచ్చారా? అమ్మ ఏమైనా తీసుకుందా?" అని యడిగెను. నాకేమియుఁ దోఁచలేదు. ఆ దినమున మా యింట నే కార్యమును జరుగలేదు. మఱఁది తన కార్యాలయమునకు సెలవు పెట్టి, తెల్లవాఱుజామున శిరస్స్నానము చేసి, మంచినీరైన ముట్టక, దేవాలయమునకుఁ బోయి తండ్రిపేర స్వయంపాక మిచ్చుటకు బయలుదేరుచుండెను. ఆతని ఫోనులోని క్యాలెండరు "నాన్నగారి ఆబ్దికము" అని యుదయముననే మ్రోగినదఁట. మా యత్తగారు నాచేతిలోని ఫోను నందుకొని, "ఇంకా ఎనిమిది రోజులుందిరా నాయనా" అనిరి. అవతలనుండి చాలసేపటివఱకు మాట రాలేదు. ఎనిమిది దినముల పిమ్మట నాతనికి మరల సెలవు దొరకలేదు.

మామగారు 2021వ సంవత్సరము డిసెంబరులో, మార్గశిర శుద్ధమునఁ గాలధర్మము నొందిరి. ఆ యింగ్లీషు తేదీని మఱఁది ఫోనులో వ్రాసికొని, "ప్రతి సంవత్సరము" అనుదానిపై నొక్కియుంచెను. 2022లో ప్రథమాబ్దికమునకుఁ దానే స్వదేశమునకు వచ్చియుండుటచే నా ఫోను మ్రోఁత నెవ్వరును లక్ష్యపెట్టలేదు. మఱుసటి యేఁట దానినే నమ్ముకొనెను. ఫోను తనకుఁ జెప్పిన మాటను జెప్పినట్లే నెఱవేర్చినది. దానికిఁ దిథి యన నేమో తెలియదు.

మన చాంద్రమాన వత్సరము సుమారు 354 దినములు. ఇంగ్లీషు సంవత్సరముకంటె నది పదునొకండు దినములు తక్కువ. కావున నే తిథియైనను మఱుసటి సంవత్సరము పదునొకండు దినములు ముందుగా వచ్చును. ఈ వెనుకఁబాటు పెరిగి పెరిగి యొక నెల కాఁగానే యధికమాసము వచ్చి దానిని సరిచేయును. పందొమ్మిది సంవత్సరములకు నేడధికమాసములు వచ్చుట మన పెద్ద లెఱిఁగిన లెక్కయే. 2023వ సంవత్సరమున నధిక శ్రావణము వచ్చినందున మార్గశిరము వెనుకకు జరిగినది. ఉగాదినే చూడుఁడు. 2023లో మార్చి 22వ తేదీని, 2024లో ఏప్రిల్ 9వ తేదీని, 2025లో మార్చి 30వ తేదీని వచ్చినది. "ప్రతి సంవత్సరము" అను నొక్క మాటతో నీ పండుగను ఫోనునకుఁ జెప్పఁగలవారెవ్వరు?

ఈ సంగతి జరిగిన పిమ్మట మా యింటఁ గాలమును లెక్కించు సాధనము లెన్ని యున్నవో యొకనాఁడు కూర్చుండి లెక్క పెట్టితిని. మొదటిది గోడకు వ్రేలాడు క్యాలెండరును, దానికి దాపున గూటిలోనుండు పంచాంగమును. ఇవి మా యత్తగారివి. రెండవది నా ఫోను. గ్యాసు బండ తెప్పించిన దినము, పాలవాని లెక్క, పిల్లల పరీక్షలు, టీకాలు, విద్యుత్తు బిల్లు గడువు, అన్నియు నందే యుండును. మూఁడవది మావారి పాఠశాలవా రిచ్చిన ఖాతా. అది మైక్రోసాఫ్టువారి అవుట్‌లుక్. అందు వారి తరగతులు, పరీక్షల కావలి దినములు, ఉపాధ్యాయుల సమావేశము లుండును. నాలుగవది హైదరాబాదులోనున్న మా యాఁడుబిడ్డ ఐఫోను. ఐదవది న్యూజెర్సీలో మఱఁది ఫోను. ఐదును వేర్వేఱుగా సరిగానే నడచుచుండెను. ఒకదాని మాట యొకదానికిఁ దెలియదు. అన్నింటి మాటయు నెఱింగి యొకరి సంగతి యొకరికిఁ జేరవేయు పనిమాత్రము నాది. "నీవు చెప్పలేదు" అను మాట యీ దేశమున గృహిణులందఱును విన్నదే కదా! దినములు జ్ఞాపకముంచుకొనుట యొక పని యని లెక్కలోనికి రాదు. అది మఱచినప్పుడు మాత్రమే లెక్కకు వచ్చును.

వేర్వేఱు కాలగణనముల నొక్కటిగాఁ గూర్చుట మన దేశమునకుఁ గ్రొత్త పని గాదు. రైళ్లు వచ్చిన క్రొత్తలో మద్రాసునకొక కాలము, బొంబాయి కొకటి, కలకత్తాకొకటి యుండెను. రైళ్లకు మద్రాసు కాలము ప్రమాణముగా నుండెను. 1906వ సంవత్సరమున దేశమంతటికి నొక్క కాలము నేర్పఱిచిరి. అది నేఁడు గ్రీనిచి కాలముకంటె నైదున్నర గంటలు ముందున్నది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1952లో శ్రీ మేఘనాథ సాహాగారి యధ్యక్షతఁ బంచాంగ సంస్కరణ సంఘము నేర్పఱుపఁగా, దేశమున సుమారు ముప్పది విధముల పంచాంగములు వాడుకలో నున్నట్లు తేలినది. ఆ సంఘమువారి సలహాననుసరించి 1957వ సంవత్సరము మార్చి 22వ తేదీనుండి శకవత్సరముతోఁ గూడిన జాతీయ పంచాంగము ప్రభుత్వ వ్యవహారములలోనికి వచ్చినది. ప్రజలు తమ పాత పంచాంగములను విడిచిరా? విడువలేదు. ఈ విషయమున మా యింటికిని దేశమునకును భేద మేమియు లేదు.

ఫోనులలోని క్యాలెండరులు కలిసికొను మార్గమునకు వచ్చెదను. 1996లో పామ్ పైలట్ అను నఱచేతి యంత్ర మొకటి బయలుదేఱినది. దాని నొక పీఠముపై నుంచి మీట నొక్కినచో, తీఁగ ద్వారా కంప్యూటరులోని దినచర్యయు దానిలోని దినచర్యయు సరిపోల్చుకొనుచుండెను. ఇంటికి వచ్చి పీఠముపై నుంచినఁగాని యొకదాని సంగతి యొకదానికిఁ దెలియదు. 1998లో ఇంటర్నెట్ నియమములను జేయువారు క్యాలెండరు వ్రాఁతల కొక సామాన్య రూపము నేర్పఱిచిరి. దానిని ఐక్యాలెండర్ అందురు. 2009లో దానిని సవరించిరి. ఒక యంత్రములో వ్రాసినది వేఱొక సంస్థవారి యంత్రము చదువఁగలుగుట యీ సామాన్య లిపివలననే. 2006లో గూగుల్‌వారి క్యాలెండరు వచ్చినది. 2007లో క్యాల్‌డావ్ అను మఱియొక నియమము వచ్చెను. దానివలన ఫోను దూరముననున్న సర్వరుతో మాటలాడి, మాఱినవానిని మాత్రమే తెచ్చుకొనును. 2011లో యాపిల్‌వారి ఐక్లౌడ్ వచ్చినది.

ఇవన్నియు నెట్లు పొరపడక కలియునని నాకు సందేహము కలిగెను. మావారు లెక్కల యుపాధ్యాయు లగుటచే నీ విధముగాఁ జెప్పిరి. మనము వ్రాయు ప్రతి దినకార్యమునకును, మనకుఁ గనఁబడకుండ, లోకమున వేఱొకదానికి లేని సంఖ్య యొకటి యుండును. రిజిస్టరు జాబుమీఁది సంఖ్యవంటిది. పేరు మార్చినను, గంట మార్చినను, ఆ సంఖ్య మాఱదు. "కంటి వైద్యుఁడు, గురువారము" అనుదానిని "శుక్రవారము" అని దిద్దినప్పుడు, ఆ సంఖ్యనుబట్టి యిది పాతదే యని గుఱుతించి, రెండవ ఫోను తన ప్రతినిగూడ దిద్దుకొనును. ఆ సంఖ్య లేకున్నచో గురువార మొకటియు శుక్రవార మొకటియు రెండును నిలిచిపోవును. ఇద్దఱొక్కసారి దిద్దినప్పుడో? క్యాల్‌డావ్ పద్ధతిలోఁ బ్రతి సవరణకును సర్వ రొక ముద్ర వేయును. పాత ముద్రతో వచ్చిన సవరణను ద్రోసివేసి, "ముందు క్రొత్త ప్రతిని జూచుకొనుము" అనఁగలదు. అన్ని యేర్పాటులును నింత జాగరూకతతో నుండవు. కొన్నింట వెనుక వచ్చినవారి మాటయే నిలుచును.

ఇఁక మన మెఱుఁగవలసిన ముఖ్య విషయ మొకటి కలదు. క్యాలెండరులను గలుపుట మూఁడు విధములు. వీనిని దెలియకనే చాలమంది కష్టపడుచున్నారు.

మొదటిది ఖాతాచేతఁ గలుపుట. ఒకే ఖాతాను రెండు మూఁడు యంత్రములలోఁ బెట్టినచో, అందఱు నొకే బావినీరు త్రోడుకొన్నట్లగును. ఎవ్వరు వ్రాసినను, ఎవ్వరు తుడిచినను, అందఱికిని గనఁబడును. రెండవది లింకుచేతఁ గలుపుట. ఒక క్యాలెండరు లింకును వేఱొక క్యాలెండరున కిచ్చినచో, అది చూచుటకు మాత్రమే వచ్చును. దిద్దుటకు వీలుపడదు. అదియును వెంటనే రాదు. పురపాలకులవారి కుళాయివలె దాని వేళకు వచ్చును. కొన్ని గంటలు పట్టును, ఒక్కొక్కప్పు డొక దినమును బట్టవచ్చును. మూఁడవది ప్రతి తీసికొనుట. క్యాలెండరునంతయు నొక ఫైలుగాఁ దీసి వేఱొకచోటఁ బోసికొనుట. అది కడవతో నింటికిఁ దెచ్చుకొన్న నీరు. తెచ్చిన గడియకే సరి. బావిలో నీరు మాఱినను గడవలో మాఱదు. ఫోను మార్చునప్పు డీ మూఁడవది పనికివచ్చును గాని, నిత్యవ్యవహారమున దీనిని నమ్మరాదు.

ఈ మూఁడింటికిని జేరని నాలుగవది యొకటి కలదు. అది పెద్ద మోసము. కొన్ని ఫోనులలో నే ఖాతాకును జేరక, ఆ ఫోనులోనే యుండిపోవు క్యాలెండరు ఉండును. వ్రాయునప్పుడు మన మెంచుకొనకున్నచోఁ గొన్నిసారులు వ్రాఁత యందే చేరును. ఫోను నీళ్లలోఁ బడినను, దొంగలెత్తుకొనిపోయినను, దానితోడనే పోవును. నా మొదటి ఫోను పాడైనప్పుడు మా చిన్నవాని టీకాల దినము లెల్ల నట్లే పోయినవి. వైద్యుఁ డిచ్చిన కార్డు బీరువాలో భద్రముగా నుండుటచే బ్రతికితిని. కావునఁ గ్రొత్త పని వ్రాయుచున్నప్పుడే, అది యే ఖాతా పేరను, ఏ క్యాలెండరులోఁ జేరుచున్నదో చూచుకొనవలయును. ఆ పేరు వ్రాయు తెఱమీఁదనే యుండును.

మా యింట నే నేమి చేసితిననఁగా, నా గూగుల్ ఖాతాలో "ఇల్లు" అను పేర వేఱొక క్యాలెండరును దెఱచితిని. ఫోనుకంటెఁ గంప్యూటరులో నీ పని సుకరము. దానిని మావారితోను, మఱఁదితోను, ఆఁడుబిడ్డతోను బంచుకొంటిని. పంచుకొనుటయందును మెట్లున్నవి. తీరికయో, పనియో యంతమాత్రమే చూడనిచ్చుట యొకటి. వివరములు చూడనిచ్చుట యొకటి. దిద్దనిచ్చుట వేఱొకటి. ఇతరులతోఁ బంచుకొను నధికారమునుగూడ నిచ్చుట చివరిది. ఆఁడుబిడ్డకును మఱఁదికిని దిద్దు నధికార మిచ్చితిని. చివరి యధికార మెవ్వరికి నీయలేదు. ఇంటి తాళపుచెవు లొకచోటనే యుండుట మంచిది.

ఐఫోనులో గూగుల్ ఖాతాను సెట్టింగులలోఁ జేర్చి, క్యాలెండరు మీటను దెఱచిన యాపిల్‌వారి క్యాలెండరులోనే గూగుల్ వ్రాఁతలు కనఁబడును. మా యాఁడుబిడ్డ యట్లే చేసినది. ఐనను ఇతరులు పంచిన క్యాలెండరు కొన్నిసారులు కనఁబడదు. గూగుల్‌వా రందుకొఱ కొక ప్రత్యేకమైన పుట నుంచిరి. అందుఁ గావలసిన క్యాలెండరులకు గుఱుతు పెట్టినఁగాని యాపిల్ యంత్రమునకు రావు. ఆమె రెండు దినములు నాపైఁ గోపించి, "వదినా, నీవు పంచనే లేదు" అనినది. ఆ పుట కనుఁగొన్న పిమ్మట మాకు సంధి కుదిరినది. మఱియొకటి: ఒకే క్యాలెండరును ఖాతాగాఁ జేర్చి, లింకుగాఁ గూడఁ జేర్చినచో నొక్కొక్క పనియు రెండేసి మాఱులు కనఁబడును. అప్పు డొకదానిని దీసివేయవలయునే కాని, కనఁబడిన వ్రాఁతలను దుడువఁబోరాదు. ఖాతాలోని దానిని దుడిచితిమా, అందఱి యొద్దను మాయమగును.

మావారి పాఠశాల క్యాలెండరు లింకుచేతనే కలిసినది. ఉద్యోగపు ఖాతాలను బయటికిఁ బంచుటను గొన్ని సంస్థలు నిషేధించును. అది వారి హక్కు. లింకు దొరికినందుకే సంతసించితిమి. ఒకసారి పరీక్షల కావలి దినము గురువారమునకు మాఱినట్లు నాకు మఱునాఁటిఁగాని తెలియలేదు. కుళాయినీరు కదా! అప్పటినుండి యట్టి మార్పులను మావారు నోటితోఁ గూడఁ జెప్పుచున్నారు.

ఇంతయుఁ జేసి, సర్వము చక్కఁబడినదని నేను గర్వించి యుండఁగా, అత్తగారి కంటి వ్యవహారము వచ్చినది. వారికి రెండుకన్నులను శుక్లములు ముదిరియుండెను. ఒక కంటికి శస్త్రచికిత్స యైనది. రెండవ కంటికి వైద్యు లొక దినమిచ్చిరి. దానిని "ఇల్లు" క్యాలెండరులో వ్రాసి, ముందునాఁటి సాయంకాలము జ్ఞాపకము చేయునట్లును, ఆనాఁ డుదయము మ్రోగునట్లును బెట్టితిని. ముందునాఁడు మా చిన్నవానికి జ్వరము. నా ఫోను లోపలి గదిలో మ్రోగి మ్రోగి యూరకున్నది. రాత్రియంతయు వానియొద్దనే కూర్చుంటిని. తెల్లవాఱినపిదప నా కేదియు జ్ఞాపకము లేదు. పదకొండు గంటలకు ఫోను చూచుకొని యుసూరుమంటిని. మావారి ఫోనులో నా పని వ్రాసియే యున్నది. కాని మ్రోగలేదు. ఏలననఁగా, గూగుల్ క్యాలెండరులో వ్రాఁత యందఱిదియే కాని, మ్రోఁత యెవరిది వారిదే. నేను నాకొఱకుఁ బెట్టుకొన్న మ్రోఁత నా ఫోనులకే. వారికిఁ గావలసినచో వారి ఫోనులో, ఆ క్యాలెండరునకు వారే పెట్టుకొనవలయును. ఈ సంగతి నాకుఁ దెలియదు.

మరల దినము దొరకుటకు మూఁడువారములు పట్టినది. ఆ మూఁడువారముల నడుమ మా పెద్దమ్మాయి పాఠశాల వార్షికోత్సవము వచ్చినది. అది వేదికపైఁ బద్యములు చదివినది. అత్తగారు ముందు వరుసలోఁ గూర్చుండియుఁ బిల్లను గుర్తింపలేక, గొంతునుబట్టి, "మనదేనా?" అని నన్ను మెల్లఁగా నడిగిరి. ఒక్క మాటయైన నన్ననలేదు. అనియున్నఁ గొంత నయముగా నుండెడిది. ఆ రాత్రియే మావారి ఫోను పుచ్చుకొని, "ఇల్లు" క్యాలెండరునకు ముందునాఁటి మ్రోఁతయు, రెండు గంటల ముందటి మ్రోఁతయుఁ బెట్టితిని. ఆఁడుబిడ్డకును మఱఁదికిని ఫోను చేసి వారిచేతను బెట్టించితిని. పెట్టిరో లేదోయని పరీక్షింపఁగోరి, "ఇది మ్రోగినవారు నాకుఁ జెప్పుఁడు" అని మఱునాఁటి పనిగా వ్రాసితిని. మూఁడు ఫోనులనుండి జవాబు వచ్చినది. మావారిది రాలేదు. వారి ఫోను, బ్యాటరీ మిగుల్చుకొనుటకై, వెనుక నడచు పనుల నాపివైచుచుండెను. దానిని సవరించితిమి. మీరును గలిపి యూరకుండక, ఒక్క బూటకపు పనిని వ్రాసి పరీక్షించుకొనుఁడు.

గడియారముల వ్యవహారము మఱియొకటి. ప్రతి యాదివారము నుదయము ఏడున్నరకు మఱఁది వీడియోలో మాటలాడును. అప్పుడు వారికి శనివారము రాత్రి పది గంటలు. అత్తగారు స్నానము చేసి, ఇస్త్రీచీర కట్టుకొని, ఏడుగంటలనుండియే ఫోను ముందుఁ గూర్చుందురు. నవంబరులో నొక యాదివారము ఏడున్నర దాఁటినది, ఎనిమిదైనది, ఫోను మ్రోగలేదు. "పిల్లవాడికి ఒంట్లో బాగులేదేమో" అని వారు దిగులుపడిరి. ఎనిమిదిన్నరకు మఱఁది నవ్వుచుఁ గనఁబడెను.

అమెరికాలో మార్చినెల రెండవ యాదివారమున గడియారములను గంట ముందునకును, నవంబరు మొదటి యాదివారమున మరల వెనుకకును ద్రిప్పుదురు. మనకా వాడుక లేదు. అందుచే న్యూజెర్సీకిని మనకును వేసవియందుఁ దొమ్మిదిన్నర గంటలును, శీతకాలమునఁ బదిన్నర గంటలును భేదము. ఆ పనిని వ్రాసినవాఁడు మఱఁది యగుటచే, అది న్యూజెర్సీ కాలమునకుఁ గట్టుపడియుండెను. అక్కడి పదిగంటలు కదలలేదు. ఇక్కడి యేడున్నర యెనిమిదిన్నర యైనది. క్యాలెండరులలోఁ బ్రతి పనికి నొక కాలమండలముండును. మన దేశపు మండలమునకు "ఆసియా కోల్‌కత" యని పేరు. మావారు చెప్పినదాఁక నది చూచి నే నెక్కడ పొరపాటు జరిగినదో యనుకొంటిని. ఆ పనిని మఱల నేను మన కాలమునకు వ్రాసితిని. ఇప్పుడు శీతకాలమున వారికి రాత్రి తొమ్మిది గంటలగును. పిల్లలు మేలుకొనియే యుందురు, నాయనమ్మతో మాటలాడుదురు. పెద్దవారి వేళకే కట్టవలయునని నేను బట్టుపట్టితిని గాని, దీనివలన లాభపడినవారు పిల్లలు.

ఆబ్దికములు, వ్రతములు మొదలగువానిని గంటతో వ్రాయరాదు. "దినమంతయు" అనునట్లు వ్రాయవలయును. అట్లు వ్రాసినది యే దేశమునఁ జూచినను ఆ తేదీనాఁడే కనఁబడును. మన యర్ధరాత్రి పండ్రెండుగంటలని వ్రాసినచో, న్యూజెర్సీలో నది ముందునాఁటి పగటివేళఁ గనఁబడును.

ఐనను, అదే తేదీ యక్కడఁ జెల్లునా? ఈ ప్రశ్న వేసినవారు మా యత్తగారు. తిథి చంద్రసూర్యుల నడుమఁగల దూరమునుబట్టి యేర్పడును గనుక, అది మొదలగు క్షణమును ముగియు క్షణమును లోకమంతటికి నొక్కటే. ఆ క్షణమున నెవరి గడియారమున నెన్నిగంట లనునదియే భేదము. ఆబ్దికమునకు నపరాహ్ణమున వ్యాపించిన తిథి కావలయును. ఒక తిథి మన కాదివారము సాయంకాల మాఱుగంటలకు మొదలై సోమవారము సాయంకాల మాఱుగంటల వఱకు నున్న దనుకొందము. మన కది సోమవార మపరాహ్ణమున నున్నది. అదే తిథి న్యూజెర్సీలో శీతకాలమున నాదివార ముదయము ఏడున్నరకు మొదలై సోమవార ముదయము ఏడున్నరకు ముగిసిపోవును. వారి కాదివారమే యాబ్దికము. కావున నక్కడివా రక్కడి నగరమునకు గణించిన పంచాంగమునే చూచుకొనవలయును. మన యింటి గోడక్యాలెండరును ఫొటో తీసి పంపిన లాభము లేదు. నేను జాలకాల మట్లే పంపుచుంటిని.

ఒక హెచ్చరిక చెప్పి ముగించెదను. క్యాలెండరును లోకమున కంతటికిఁ గనఁబడునట్లు తెఱచి యుంచు మీట యొకటి కలదు. దానిని నొక్కకుఁడు. మన మెప్పు డూరికిఁ బోవుదుమో, ఇల్లెప్పుడు శూన్యముగా నుండునో, ఆఁడుపిల్ల యే వేళ నేదారిని సంగీతపు తరగతికిఁ బోవునో యందు వ్రాసియుండును. రహస్యముగా నుంచవలసిన లింకు నిచ్చినను నంతే. అది చేజిక్కిన వారెవ్వరైనను జూడఁగలరు. కొందఱు మోసగాండ్రు మనకుఁ దెలియకుండ మన క్యాలెండరులోనికే పిలుపులు పంపి, "మీకు బహుమానము వచ్చినది, ఇచట నొక్కుఁడు" అని వ్రాయుదురు. తెలిసినవారి పిలుపులు మాత్రమే చేరునట్లు గూగుల్ క్యాలెండరులో నొక యేర్పాటున్నది. దానిని బెట్టుకొనుఁడు.

ఇప్పుడు మా యింట నుగాదినాఁడు పంచాంగశ్రవణమైన తరువాత నేనును నత్తగారును గూర్చుందుము. వారి రెండవ కంటికిని శస్త్రచికిత్స జరిగినది. అద్దములు పెట్టుకొని, పంచాంగములోని సన్ననియక్షరములను వారే చదువుదురు. ఆ సంవత్సరమున వచ్చు తిథులన్నింటికి నింగ్లీషు తేదీలను లెక్కించి నేను "ఇల్లు" క్యాలెండరులో నొక్కొక్కటిగా వ్రాయుదును. "ప్రతి సంవత్సరము" అనుదానిని నొక్కను. మామగారి యాబ్దికమునకు రెండు వ్రాఁతలు: మన యూరి కొకటి, న్యూజెర్సీ కొకటి. సుమారొక గంట పట్టును.

మొన్నటి మార్గశిరమున మఱఁది ముందునాఁటి రాత్రి ఫోను చేసెను. "వదినగారూ, నాకు ఇవాళ, మీకు రేపు కదూ?" అని యడిగెను. అత్తగారు ప్రక్కనుండి, "ఔనురా, సెలవు దొరికిందా?" అనిరి. దొరికినదని చెప్పెను. "అయితే ముందు స్నానం చేసి రా, తరువాత మాట్లాడుదువు గాని" అని వారు ఫోను పెట్టివేసిరి.